ఫ్రిజ్ మీద అంటించిన సంఖ్య

సుతప కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తోంది. తలెత్తితే ఎదురుగా ఫ్రిజ్, దాని మీద మొగుడు అంటించి వెళ్ళిన కాగితం: 98307161.

"ఉద్యోగమా? వెళ్ళు, నేనేమైనా వద్దన్నానా?" అన్నాడు ప్రణబేశ్ నిన్న పొద్దున, షూ లేసు కట్టుకుంటూ. "దీన్ని రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టు. వాటిలో ఒకటి లాకర్ నంబరు. లెక్కల్లో బంగారు పతకం కొట్టావుగా! గుణించడం పిల్లలైనా చేస్తారు. విడగొట్టాలంటేనే తల ప్రాణం తోకకొస్తుంది."

అతను కోల్‌కతాలో పేరుమోసిన లెక్కల ప్రొఫెసరు; కాలేజీ ఇంటికి రెండు వీధుల అవతలే. ఆమె సర్టిఫికెట్లన్నీ అతని లాకర్లోనే, 'భద్రంగా' ఉన్నాయి. అవి లేకపోతే ఈ మధ్యాహ్నం బారాసాత్ కాలేజీలో ఇంటర్వ్యూకి గడప కూడా దాటనివ్వరు. తప్పు నంబరు నొక్కితే మాత్రం ఆ క్షణమే అతని ఫోనుకు కబురు వెళ్తుంది.

"బౌమా, ఆవాలు నూరావా? ముక్కలు పల్చగా కోస్తే వాడికి గిట్టదు" అని అత్తగారు గదిలోంచి కోడల్ని కేకేసింది.

నూరుతోందే గానీ మనసు అక్కడ లేదు. రాత్రి అతను ఆమె మణికట్టు పట్టుకుని అన్న మాటే చెవుల్లో ఉంది. "ఆ రెండూ ఇరుగుపొరుగు సంఖ్యలు సుతపా. నడుమ ఇంకో ప్రధాన సంఖ్య లేదు. నువ్వూ నేనూ ఉన్నట్టు. మన మధ్య ఎవరూ రాకూడదు." ఎంత ప్రేమో! ఆ మాట అంటూనే ఆమె ఫోనులోంచి స్నేహితురాళ్ళ నంబర్లు చెరిపేశాడు. ఆమె భయంతో నవ్వింది కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె చేతిలో పొత్రం ఆగిపోయింది. ఇరుగుపొరుగైతే రెండూ నడిమి సంఖ్యకు అటూ ఇటూ సమానదూరంలో, దగ్గర్లోనే ఉంటాయి. వాటి లబ్ధం ఆ నడిమి సంఖ్య వర్గం కన్నా కాస్తే తక్కువ. కాగితం మీది సంఖ్యకు కాస్త పైనున్న వర్గం 9915ది, 98307225. తేడా అరవై నాలుగు, అంటే ఎనిమిదెనిమిదులు. ఎనిమిది కలిపితే ఒకటి, తీసేస్తే ఇంకొకటి. అయ్యో పిచ్చివాడా, ప్రేమ ఒలకబోయబోయి గుట్టు నువ్వే విప్పావు కదయ్యా!

చేతులైనా తుడుచుకోకుండా లాకర్ దగ్గరికి వెళ్ళి 9923 నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. వెంటనే ఫోను మోగింది.

"ఇంట్లోనే ఉండు. వస్తున్నా" అన్నాడు ప్రణబేశ్. గొంతు పెంచలేదు. అతను గొంతు తగ్గించి మాట్లాడితేనే ఆమెకు వణుకు.

ఆమె 9907 నొక్కింది. తలుపు తెరుచుకుంది. సర్టిఫికెట్లు సంచీలో పెట్టుకుని, చేతులు కడుక్కుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికే? చేప ఎవరు వండుతారు?"

"మీ అబ్బాయి దారిలో ఉన్నాడమ్మా. వచ్చి వండుతాడు."

లిఫ్టు పైకొస్తున్న చప్పుడు వినిపించింది. సుతప మెట్లు దిగింది.