రోడ్డు వైపు పన్నెండు అడుగులు

మా ఆయన ఎట్టోరెలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి కానీ, ఈ కథకి రెండు చాలు. ఒకటి: బయటికి వెళ్ళాల్సినప్పుడల్లా తాళాలూ గొడుగూ సంచీ నా చేతిలో పెట్టి, "నేను ముందు వెళ్తుంటా, నువ్వు నిదానంగా రా" అని నాలుగంతస్తులూ దిగిపోతాడు. రెండు: కనిపించిన ప్రతివాళ్ళకీ "మా ఎర్సీలియా లాటిన్‌ని పేపర్ చదివినట్టు చదివేస్తుంది" అని చాటుతాడు. చదివిన మాట నిజమే, కాలేజీలో, నలభై ఏళ్ళ కిందట. ఆ తర్వాత నేను శ్రద్ధగా చదివినవి మందుల డబ్బాల్లోని కాగితాలు మాత్రమే. అందుకే అక్టోబరు మొదటి ఆదివారం రోమ్ పక్కనున్న ఓస్తియా అనే పాత ఊరి శిథిలాల్లో జరిగినదానికి కారణం ఎట్టోరేనని ఆ రోజు సాయంత్రం దాకా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

నెలలో మొదటి ఆదివారం టికెట్ ఉండదు. టికెట్ ఉన్న రోజున రోమ్ వాళ్ళెవరూ పాత రాళ్ళు చూడ్డానికి వెళ్ళరు. మా మెట్ల మీది స్నేహితురాళ్ళు లొరెదాన, నివెస్, నేను పొద్దున్నే రైలెక్కాం. టమాటాల్లో బియ్యం కూరి కాల్చిన పళ్ళేన్ని లొరెదాన ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని కూర్చుంది. నివెస్‌ని ఇంట్లోంచి కదిలించడం ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. ఆమె భర్త డూలియో ఫిబ్రవరిలో కారు కడుగుతూ కడుగుతూ కూలబడిపోయాడు. పోయేముందు ఒక్క మాట కూడా అనలేదు. సమాధి పలక మీద పేరు చెక్కారు, ఫోటో అతికించారు, కింద ఉండాల్సిన వాక్యం మాత్రం ఎనిమిది నెలలుగా ఖాళీ. పాలరాతి పనివాడు అడుగుతూనే ఉన్నాడు. అందరూ రాయించుకునేవి తనకొద్దంటుంది నివెస్.

ఓస్తియాలో ఊరి ద్వారం కంటే ముందు సమాధులే వస్తాయి. గోడకి ఆనించిన ఒక పలక ముందు నివెస్ ఆగిపోయింది.

"ఏమే ఎర్సీలియా, ఇందులో ఏముంది?"

పైన ఒక మగవాడి పేరు, ఒక ఆడమనిషి పేరు. కింద నాలుగు పొట్టి మాటలు, అక్షరాల్లాగే కనిపించే రోమన్ అంకెలు. మర్చిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు, చూడగానే అర్థమైంది. సమాధి స్థలం రోడ్డు వైపు పన్నెండు అడుగులు, లోపలికి ఇరవై. అంతే.

"చదవవే, ఎట్టోరె చెప్పినంత లేదా ఏం?" అంది లొరెదాన.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అంత దూరం వచ్చి అడుగుల లెక్క చెప్పడానికి మనసొప్పలేదు. గొంతు సవరించుకున్నాను.

"భర్త భార్యకి చెప్పుకున్న మాటే ఇది. 'నేను ముందు వెళ్తున్నాను. నువ్వు నిదానంగా రా.'"

నవ్వుతారనుకున్నాను. నవ్వగానే అసలు సంగతి చెప్పేద్దామని నాలుక చివరన పెట్టుకునే ఉన్నాను. ఎవరూ నవ్వలేదు. నివెస్ గడ్డిలో అలాగే చతికిలబడింది.

"మా డూలియో చెప్పకుండా పోయాడే," అంది. "వాడి బదులు ఈయనెవరో రెండు వేల ఏళ్ళ కిందటే చెప్పి పెట్టాడు."

లొరెదాన కళ్ళు తుడుచుకుంటూ నా భుజం తట్టింది. "చదువంటే నీదే తల్లీ!"

అప్పుడైనా చెప్పాల్సింది. స్నానశాలలు చూశాక చెబుదామనుకున్నాను. అవి చూశాక, వరసగా చిల్లులు పొడిచిన రాతి మరుగుదొడ్ల దగ్గర చెబుదామనుకున్నాను. అక్కడ లొరెదాన రాణిలా కూర్చుని, "నివెస్, నువ్వు నా పక్కన కూర్చో. ఎర్సీలియా, మా ఫోటో తియ్యి. ఆ రోజుల్లో వాళ్ళంతా ఇక్కడే కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్ళట, మన మెట్ల మీది ఆడాళ్ళలాగా!" అంది. ఎనిమిది నెలల తర్వాత నివెస్ పళ్ళు కనిపించేలా నవ్వింది. నేను ఫోటో తీశాను.

నాటకశాల మెట్ల మీద భోజనానికి కూర్చున్నాం. నివెస్ తినకముందే ఫోన్ తీసింది. ఆదివారం భోజనాల వేళ పాలరాతి పనివాడు ఫోన్ ఎత్తడనుకున్నాను. రెండో రింగుకే ఎత్తాడు.

"దొరికింది, రాసుకోండి," అంది నివెస్. ఒక్కో మాటే నెమ్మదిగా చెప్పింది. "దాని కింద చిన్న అక్షరాల్లో 'ఓస్తియాలోని ఒక పాత సమాధి మీది మాట' అని కూడా వెయ్యండి."

"భలే ఉందమ్మా," అన్నాడతను. "రేపు పొద్దున్నే మొదలుపెడతా. చెక్కాక మార్చడం కుదరదు, సరేనా?"

"మార్చేదేముంది, మా ఎర్సీలియా చదివింది."

నోట్లో పెట్టుకున్న టమాటా ఎటూ పోలేదు.

"ఏమే, ఉప్పు తక్కువైందా?" అంది లొరెదాన.

"లేదు, బాగుంది," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన రెండో అబద్ధం. ఉప్పు నిజంగానే తక్కువైంది.

సాయంత్రం తిరిగి వస్తూ మళ్ళీ ఆ పలక దగ్గరే ఆగాం. నివెస్ వేళ్ళు పెదాలకి తాకించుకుని ఆ వేళ్ళని రాతికి ఆనించింది. చర్చిలో విగ్రహాల పాదాలకి ఆనిస్తామే, అలాగ.

"ఇందులో 'నిదానంగా' అన్న మాట ఏదే? ఫోటో తీసుకుంటాను."

నా వేలు దానంతటదే వెళ్ళి ఇరవై అంకె మీద ఆగింది.

"ఇంత చిన్నదా!" అంటూ నివెస్ ఫోటో తీసింది. ఫోన్ నాకు చూపించింది. అందులో నా వేలు కూడా పడింది. పెళ్ళి ఉంగరంతో సహా, చాలా నమ్మకంగా కనిపించే వేలు. దాన్ని చూస్తూ నిలబడలేకపోయాను.

"నివెస్, అది 'నిదానంగా' కాదు. అది ఇరవై."

"ఇరవై ఏంటి?"

"అడుగులు. రోడ్డు వైపు పన్నెండు, లోపలికి ఇరవై. పక్కవాళ్ళు లోపలికి జరక్కుండా స్థలం కొలతలు రాయించుకున్నారు. ఇందులో ఇంకేమీ లేదు."

"ఒసే!" అంది లొరెదాన, ఖాళీ పళ్ళెం గుండెకి హత్తుకుని.

"మరి ఆ మాట?" అంది నివెస్.

"ఎట్టోరెది. మెట్లు దిగేటప్పుడు రోజూ అంటాడు. నన్ను పండితురాల్ని చేసి ఊరంతా చాటిందీ ఆయనే. ఆయన అలా గొప్పలు చెప్పకపోతే నువ్వు నన్ను అడిగేదానివే కాదు, నేనూ..."

నివెస్ తల ఎత్తలేదు. ఫోటోలో నా వేలినే చూస్తోంది.

"పొద్దున ఈ రాయి ముందు ఎట్టోరె ఉన్నాడా?"

"లేడు."

"నేను ఫోన్‌లో ఒక్కో మాటా చెబుతుంటే, నా పక్కన కూర్చుని తిన్నది ఎట్టోరేనా?"

వెనక వస్తున్నవాళ్ళు మా ముగ్గురినీ తప్పించుకుని ద్వారం వైపు వెళ్ళిపోతున్నారు. ఆయన మీదికి తొయ్యడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

"ఎట్టోరె ఏం చెయ్యలేదు, నివెస్," అన్నాను. "తప్పు నాది."