నీళ్లు దిగిన బేరింగులు

తోటాయన బండి వస్తోందంటే మలుపు తిరగకముందే తెలిసిపోయేది. వెనక ఇరుసు ఒకటే మూలుగు. అది వినగానే మావయ్య కళ్లజోడు సర్దుకుని, "వచ్చాడమ్మా నీ చుట్టం," అనేవాడు. నేను కొరకొరా చూసేదాన్ని. ఆయనకి లెక్కే లేదు.

షెడ్డు మావయ్యది. మా అమ్మకి తమ్ముడు. నా చేతికి మొదట పానా ఇచ్చింది ఆయనే. ఇప్పుడు నడుం వంగదు కాబట్టి పని నాది, పెత్తనం ఆయనది. పెళ్లి ఊసు ఎత్తితే పానా విసురుతానని నాకో పేరుంది. ఎప్పుడూ విసరలేదు గానీ, ఆ పేరు వల్ల ప్రాణానికి సుఖంగానే ఉంది. నోటి దురుసు మనిషినని కూడా అంటారు. అది మాత్రం నిజం.

తోటాయన పెద్ద పండ్లతోటకి సూపర్‌వైజరు. ఇంట్లో ఎవరూ లేరు, తోటలోనే ఓ గదిలో ఒక్కడూ ఉండేవాడు. చెట్ల వరసల మధ్య తిరగడానికి కంపెనీ వాళ్లు ఆయనకి లావుపాటి టైర్ల నాలుగు చక్రాల బండి, ఏటీవీ అంటారే, అది ఇచ్చారు. బురదలో తిరిగే బండి, సాయంత్రానికి కడగాల్సిందే. తంటా అంతా ఆ కడగడంలోనే ఉంది. చెట్లకి మందు కొట్టే మోటారు పెట్టి ధారగా కొడితే, ఆ నీళ్లు ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీల్‌ని తోసుకుని లోపలికి పోతాయి. గ్రీజు పాడవుతుంది, లోపలి బేరింగు తుప్పు పట్టి మూలుగుతుంది.

మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాను. "చక్రాల దగ్గర మోటారుతో నీళ్లు కొట్టకండి. తడిగుడ్డతో తుడవండి, చాలు. లేకపోతే మళ్లీ ఇక్కడికే రావాలి." ఆయన బుద్ధిగా తలూపాడు. ఏడాది తిరగకుండానే అదే మూలుగుతో వచ్చాడు. ఈసారి కాస్త గట్టిగా చెప్పాను. మళ్లీ తలూపాడు. ఆ తర్వాతా అంతే. అన్ని చెట్ల బాగోగులు చూసే మనిషికి ఇంత చిన్న సంగతి బుర్రకెక్కదేమిటని తిట్టుకునేదాన్ని.

తిట్టుకుంటూనే ఆ మూలుగు కోసం చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. బండి వదిలేసి సాయంత్రం రావచ్చు, కానీ ఆయన వెళ్లేవాడు కాదు. గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, ఏ కొమ్మ కత్తిరిస్తే ఏ కొమ్మ బలుస్తుందో చెబుతూ ఉండేవాడు. ఇరుసు లాగే సమయానికి అడగకుండానే లేచి వచ్చి రెండో కొస పట్టుకునేవాడు. ఊళ్లో అందరినీ కడిగిపారేసే నా నోరు ఆయన ముందు పెగిలేది కాదు. ఆయన వెళ్లాక కొన్నాళ్లు ఏ పని మీదా చెయ్యి ఆడేది కాదు.

కిందటేడు వానలు వెనకబట్టాక వచ్చినప్పుడు ఆయన వెంట ఇంకో మనిషి ఉన్నాడు. పొట్టిగా, హుషారుగా, కొత్త బూట్లతో.

"ఇకనుంచి ఈయన తోట చూసుకుంటారండీ," అన్నాడు తోటాయన, నా వైపు కాకుండా బండి వైపు చూస్తూ. "నన్ను దూరంగా ఇంకో తోటకి మార్చారు. రేపే ప్రయాణం. బండి బాగుచేయించి అప్పగిద్దామని."

"సరే," అన్నాను.

జాకీ ఎత్తి చక్రాలు విప్పాను. బ్రేకు విప్పి, ఇరుసు కొసన చెక్క సుత్తితో కొట్టాను. ఆయన లేచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇరుసు జారి బయటికి వచ్చింది. సీల్ పెరికి చూస్తే లోపల గ్రీజు నీళ్లు కలిసి పాలలా తెల్లబడి ఉంది. బేరింగు వేలితో తిప్పితే గరగరమంది. దాన్ని చుట్టూ కొద్దికొద్దిగా తడుతూ బయటికి తీస్తుంటే, నా వెనక తోటాయన కొత్తాయనకి చెబుతున్న మాటలు వినపడ్డాయి.

"అన్నిటికన్నా ముఖ్యం ఇది. చక్రాల దగ్గర మోటారుతో నీళ్లు కొట్టకండి. తడిగుడ్డతో తుడవండి, చాలు. కొడితే నీళ్లు సీల్ దాటి లోపలికి పోతాయి."

"మరి మీరు కొట్టారా ఏంటి?" అన్నాడు కొత్తాయన.

తోటాయన వంగి, విప్పిన చక్రం మీది బురద గోకడం మొదలుపెట్టాడు.

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. ఈ మనిషికి మొదటి రోజే అర్థమైంది. నా మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అన్నీ తెలిసే రోజూ ధార అక్కడే పెట్టాడు, నా దగ్గరికి రావడానికి. నేనేమో మట్టిబుర్ర అని ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మావయ్య దగ్గి లేచాడు. "రండి బాబూ, టీ తాగొద్దాం," అని కొత్తాయన భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించుకుపోయాడు. ఆ ముసలాయనకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఇద్దరమే మిగిలాం. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడే అని లోపల కొట్టుమిట్టాడుతున్నాను. వెళ్లొద్దు అనాలని ఉంది.

"ఇంకా చాలా పని ఉందా?" అన్నాడు ఆయన.

"కొత్తవి ఎక్కించాలి."

"నెమ్మదిగానే కానివ్వండి."

నెమ్మదిగానే చేశాను. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను. కొత్త బేరింగు మీద పాతది ఆనించి వంకర పోకుండా తట్టాను. సీల్ అంచుకి వేలితో గ్రీజు రాశాను. దాన్ని కాస్త ఏటవాలుగా దింపి ఊరుకుంటే కొన్నాళ్లకే నీళ్లు దిగుతాయి, బండి తిరిగి వస్తుంది. కానీ దాని మీద వచ్చేది ఆయన కాదుగా. సమంగానే దింపాను.

చక్రం బిగించి పైకీ కిందికీ ఊపి చూశాను. ఇసుమంత కూడా కదల్లేదు. బండి వాళ్లిద్దరినీ ఎక్కించుకుని చప్పుడు లేకుండా మలుపు తిరిగి వెళ్లిపోయింది. నా చేతిపని మీద నాకే అంత కోపం ఎన్నడూ రాలేదు.

ఆ తర్వాత ఏ బండి మూలిగినా షెడ్డు గుమ్మం దాకా వెళ్లేదాన్ని. తీరా చూస్తే ఏ ట్రాక్టరో అయ్యేది. మావయ్య నన్ను ఆటపట్టించడం మానేశాడు. అదింకా కష్టంగా ఉండేది. తోటాయన ఎలా ఉన్నాడో, ఎవరి షెడ్డులో కూర్చుంటున్నాడో అనుకుంటూ రోజులు గడిపాను.

నిన్న కొత్తాయన ఆయిలు మార్చమని వచ్చాడు. మార్చాను. ఎవరూ అడక్కపోయినా చక్రం విప్పి, సీల్ అంచు లేపి చూశాను. గ్రీజు పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చుక్క నీరు లేదు. అంత చక్కగా ఉన్న బేరింగును చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఆయన చెప్పినట్టే తుడుస్తున్నానండీ," అన్నాడు కొత్తాయన. "అయినా ఆయన వదలరు. ఫోను చేస్తే తోట సంగతి అడగరు, బండి సంగతే. పాడైందా, షెడ్డుకి తీసుకెళ్లారా అంటారు. లేదండీ, బ్రహ్మాండంగా ఉందంటే, ఓహో అని పెట్టేస్తారు. ఏం మనిషో."

మావయ్య పేపరు చదవడం ఆపాడు.

"ఈసారి అడిగితే పాడైందని చెప్పండి," అన్నాను.

"ఏం పాడైందండీ?"

"బేరింగులు మొత్తం పోయాయని చెప్పండి."

అతను బండి వైపు చూసి, నా వైపు చూశాడు. "అలా అంటే మీరు పని సరిగ్గా చేయలేదనుకుంటారేమో."

"అనుకోనివ్వండి. వచ్చి నన్ను నాలుగు తిట్టమనండి. నేనే రమ్మన్నానని చెప్పండి."

అతను అక్కడే నిలబడి ఫోను తీసి నంబరు నొక్కాడు.