నల్లబడ్డ కట్టు

నా కుడికాలి మీద ఉన్నంత గర్వం నాకు నా జీపు మీద కూడా లేదు. పాడేరు నుంచి అరకు సంత దాకా ఆ మలుపులన్నిట్లో బ్రేకు తొక్కేది అదే మరి. అలాంటి కాలిని, టైరు మారుస్తుంటే జాకీ జారి, బంపరు రేకు చీరేసింది. ఈపాటి దెబ్బకు ఆసుపత్రి ఎందుకని పసుపు అద్ది ఊరుకున్నాను. అది చీము పట్టి, జానెడు పుండై కూర్చుంది.

మాత్రలు మింగాను, సూదులు పొడిపించుకున్నాను. దేనికీ లొంగలేదు. చీము పరీక్షకు పంపిస్తే, ఆ క్రిమి మీద మామూలు యాంటిబయాటిక్‌లు పనిచేయవని తేలింది. డాక్టరుగారు ఉన్నమాట చెప్పేశారు.

"ఈ వారంలో తగ్గుముఖం పట్టకపోతే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు సోంబరూ."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఒంటికాలి డ్రైవరును నమ్మి ఘాట్‌రోడ్డు ఎవడెక్కుతాడు?

డ్రెస్సింగులు చేసే జాయ్స్ సిస్టరు డాక్టరుగారిని అడిగి, వెండి కలిపిన పట్టీ ఒకటి తెచ్చింది. పుండు కడిగి, పట్టీ పరిచి, కట్టు కట్టింది.

"నాకు వెండి పట్టీయా? మా ఆడదానికే ఇంతవరకూ పట్టీలు సేయించలేదు సిస్టర్," అన్నాను.

"ఆ వెండే క్రిముల్ని సంపుతాది అన్నయ్యా. శనివారం దాకా ఇప్పకు. జొరమొస్తే మాత్రం ఆగకుండా వచ్చీ," అంది.

శుక్రవారం పొద్దున గంజి పోస్తూ నా భార్య స్వర్ణ ఆగిపోయింది. చెమటకు కట్టు కాస్త జారింది. అంచు ఎత్తి చూసింది. పట్టీ మసిబొగ్గులా ఉంది, చుట్టూ చర్మం కూడా నల్లబడింది.

"ఓలమ్మో! మాంసం సచ్చిపోనాది!"

మాకు తెలిసినంతలో, పుండు నల్లబడిందంటే ఆ కాలు పోయినట్టే.

"తాళాలియ్యి," అంది స్వర్ణ.

"నువ్వా? ఘాట్ మీదా?"

"లైసెన్సు దేనికి తీసుకున్నానేటి, గోడకి అంటించుకోడానికా? బేగి ఎక్కు!"

మొదటి మలుపులోనే నా పైప్రాణాలు పైనే పోయాయి. "హారన్ కొట్టు! గేరు మార్చు!" అని గోల పెట్టాను.

"నోరు మూసుకుని కూకో. నాకూ కళ్లున్నాయి."

కాఫీ తోటల దగ్గర సంత బస్సు మీదికొచ్చేసింది. స్వర్ణ బండిని కొండవైపు ఒదిగించి, ఆపి, దానికి దారిచ్చి మళ్లీ కదిలించింది. ఒప్పుకోకేం, నాకంటే మెత్తగా తిప్పింది. నా కుడికాలు మాత్రం లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

అరకు ఆసుపత్రిలో జాయ్స్ మా ముఖాలు చూసి వెంటనే కట్టు విప్పి, సెలైనుతో పుండు కడిగింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఎర్రగున్నాది!" అని స్వర్ణ కేక పెట్టింది.

కళ్లు తెరిచాను. చీము లేదు. కంపు లేదు. పుండు నిండా ఎర్రటి, తడి మాంసం. దూదితో అద్దితే నెత్తురు ఊరింది. నా నెత్తురు చూసి నేను అంత సంబరపడటం అదే మొదలు!

"వెండి నల్లబడదేటి? మీ అమ్మ కడియాలు నల్లబడవా?" జాయ్స్ నవ్వింది. "ఆ మరకే తోలుకీ అంటింది. ముందే సెప్పాల్సింది, మరిసిపోనాను."

డాక్టరుగారు వచ్చి, చుట్టూ నొక్కి చూసి, "కాలు ఉంటుందయ్యా," అన్నారు. నేను ఆ కాలితోనే గెంతబోతే జాయ్స్ భుజం పట్టి కూర్చోబెట్టింది. ఇక నుంచి తేనె కట్టు కడతానంది.

"మా ఇంట కొండతేనె సీసాడుంది సిస్టర్," అంది స్వర్ణ.

"అది నోటికి వదినా. పుండుకి శుద్ధి సేసిన ఈ ట్యూబులోదే."

"మరి జీపెప్పుడు తోలొచ్చు?" అన్నాను.

"మానకముందే బ్రేకు తొక్కేవంటే ఇంకోసారి కట్టు కట్టను."

బయట జీపు చుట్టూ సంత గంపలతో ఆడవాళ్లు మూగారు.

"పాడేరు పోతాదా? డ్రైవరేడీ?"

నేను నోరు తెరిచేలోపే స్వర్ణ డ్రైవరు సీట్లో కూర్చుంది. "నానే. ఎక్కండి."

వాళ్లు నావైపు చూశారు. నేను కుంటుకుంటూ నా రెండు కాళ్ల మీద జీపు వెనక్కి వెళ్లి, రేకు మీద దబదబా కొట్టి గొంతెత్తాను.

"పాడేరు! పాడేరు! బేగి ఎక్కాలి!"