ఎర్ర బటన్ మీద కొబ్బరి పచ్చడి

నేను ఒక ఎర్ర బటన్‌ని. పుట్టగొడుగు తలలా గుండ్రంగా, అరచేత్తో ఒక్కసారి చరిస్తే దిగిపోయేలా ఉంటాను. తక్కిన బటన్లన్నీ ఏదో ఒకటి మొదలుపెట్టడానికి పుట్టాయి. నేను మాత్రం ఆపడానికే పుట్టాను. కొంప మునిగేటప్పుడు తప్ప నాతో ఎవరికీ పని ఉండదు. అందుకే కొంప ఎప్పుడు మునుగుతుందా అని చూస్తూ కూర్చోవడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరైనా నవ్వితే, ఇప్పుడు నవ్వుతున్నారు, తర్వాత ఏమవుతుందో అనుకుంటాను. ఏం చెయ్యను, నా తీరే అంత.

సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో నన్ను ఒక నల్ల ఇనుప పెట్టెకి బిగించారు. ఆ పెట్టె ఒక చెక్కుడు మిషనుకి బుర్ర. కంప్యూటర్‌లో బొమ్మ పెడితే ఆ బొమ్మని చెక్క మీద చెక్కే మిషను అది. సి.ఎన్.సి. అంటారు. నురుగు అట్టల మధ్య పడుకోబెట్టి ఓడెక్కించారు. దారి పొడుగునా నాకు ఒకటే దిగులు. ఓడ మునిగితే నన్ను నొక్కి లాభమేమిటి? ఓడ మునగలేదు. అట్టపెట్టె మీద 'ఈ వైపు పైకి' అని బాణం వేసి ఉంటే, రేవులో హమాలీలు సరిగ్గా దాన్నే కిందికి పెట్టారు. అయినా విరక్కుండా విజయవాడ చేరాను.

అక్కడ నన్ను కొన్నాయన ఆఫీసు ఉద్యోగి, సరదా కోసం కొన్నాడు. ఒక ఏనుగు చెక్కాడు. రెండో ఏనుగు చెక్కేటప్పుడు తొండం విరిగింది. ఆయనకి సరదా తీరింది. మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నారు. మనుషులు దేన్నైనా ఎంతో ఆశపడి కొంటారు, తర్వాత దాని మీద బట్టలు పెట్టుకుంటారు. నేను మాత్రం ఆ బట్టలు జారి నా మీద పడతాయేమో అని రోజూ హడలిపోయేదాన్ని.

అక్కణ్ణుంచి పాలకొల్లులో బ్రహ్మాజీ ఇంటికి వచ్చాను. ఆయన తలుపులు చేసే వడ్రంగి. ఉలి పట్టడంలో మంచి పేరున్నవాడు. కానీ ఈమధ్య చెయ్యి వణుకుతోంది. సన్నపని ఇదివరకులా రావడం లేదు. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పకుండా మిషను తెచ్చుకున్నాడు. భార్య వీరవేణికి తెలుసు. ఇంట్లో అన్నం కలిపే చేతిని చూస్తూనే ఉంటుంది కదా.

ముందు వసారాలో మిషను, గోడకి అవతల వంటిల్లు. అక్కడే వచ్చింది తంటా. ఒక ఉదయం బ్రహ్మాజీ మామూలు చెక్క మీద లక్ష్మీదేవి బొమ్మ చెక్కుతున్నాడు. వంటింట్లో వీరవేణి పచ్చడికి మిక్సీ వేసింది. అంతే, మిషనుకి మతి తప్పింది. ఒక్క కుదుపు కుదిపి పక్కకి జరిగి, అదే మొదటిచోటనుకుని చెక్కుకుంటూ పోయింది. లక్ష్మీదేవి ముక్కు చెవి దగ్గర తేలింది.

"ఏవండీ, అమ్మవారికి ముక్కుపుడక ఎక్కడ పెడతారు? చెవికా?" అంది వీరవేణి.

"నీ మిక్సీ వల్లే ఇదంతా. మిషను నడిచేటప్పుడు దాన్ని ముట్టుకోకు."

"ఎంత మిషనండీ అది! పచ్చిమిరపకాయకి దడుచుకుంటాదా?"

తర్వాత తెలిసింది, నీళ్ళ మోటారు వేసినా అంతేనని. కరెంటు తీగల్లో పుట్టే అదురు ఆ నల్ల పెట్టెలోకి చొరబడి మిషనుని బెదరగొడుతోంది. ఇక ఆ ఇంట్లో కొత్త చట్టం పుట్టింది. మిషను నడిచినంతసేపూ మిక్సీ లేదు, మోటారు లేదు. వీరవేణి అటక మీంచి రోలు దింపింది. పక్కింటి మిక్సీ మాటేమిటని బ్రహ్మాజీ గోడ మీంచి కేకేశాడు. "ఒదినా, మా లక్ష్మీదేవి ముక్కు అయ్యేదాకా మీరు కూడా చట్నీ ఆపండమ్మా!" ఒదిన నవ్వి నవ్వి కూలబడింది గానీ, చట్నీ మాత్రం ఆపలేదు.

అలాంటి రోజుల్లో కొబ్బరి వ్యాపారం చేసే అబ్బులు గారు ఒక టేకు పలక తెచ్చి మా వసారాలో పెట్టించారు. వాళ్ళ పాత ఇంటి దూలం కోయించి తీసిన పలక అది. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు.

"బ్రహ్మాజీ, మా తాతగారి చేతి మీదుగా ఎత్తిన దూలమయ్యా ఇది. సింహద్వారం మీద గజలక్ష్మి కావాలి. ఇది పాడైతే ఇలాంటిది ఇంకోటి నా దగ్గర లేదు, నీకూ దొరకదు."

"ఆయ్, అలాగేనండి. నాదే పూచీ."

ఆయన వెళ్ళాక బ్రహ్మాజీ ఆ పలకని చేత్తో నిమిరాడు. చెయ్యి వణికింది. ఉలితో చేద్దామంటే చేతి మీద నమ్మకం లేదు. మిషనుతో చేద్దామంటే దాని మతి మీద నమ్మకం లేదు. గజలక్ష్మి ముక్కు ఏనుగు తొండం మీదికి వెళ్ళడం నాకు కళ్ళకి కట్టినట్టు కనపడింది.

వాళ్ళమ్మాయి శ్రీలలిత డిప్లొమా చదివి భీమవరంలో ఇన్వర్టర్ల కంపెనీలో చేస్తోంది. సెలవుకి వచ్చి, నల్ల పెట్టె మూత తీసి చూసి, "నాన్నా, దీనికి మందులు పనిచెయ్యవు. బుర్ర మార్చాల్సిందే" అంది.

పెట్టె పోతే పెట్టెకున్న నేనేమైపోవాలి?

కొత్త బోర్డు వచ్చింది. వేలెడంత మోటారు బోర్డులూ, అదురు చొరబడకుండా పైన అల్లిక చుట్టిన తీగలూ, కొత్త ఇనుప పెట్టే వచ్చాయి. లలిత వసారాలో చాప పరుచుకుని కూర్చుంది. తీసిన ప్రతి తీగకీ కాగితం ముక్క అంటించింది. ఎర్త్ తీగ విడిగా లాగింది. మిషను మూలల్లో చిన్న చిన్న స్విచ్చులు పెట్టింది, అది తన మొదటిచోటు తానే తెలుసుకునేందుకు. ఇదంతా చూస్తూ నేను, ఈ తీగ బిగించిందా, ఆ స్క్రూ మరిచిపోయిందా, పిల్ల టిఫిన్ తిందా అని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

చివరికి నన్ను చేతిలోకి తీసుకుంది. "ఇది బాగానే ఉంది. దీన్నే వాడదాం."

బతికాను అనుకున్నాను. అప్పుడు నా వెనక తీగలు చూసి నవ్వింది.

"అమ్మా, చూశావా? ఇన్నాళ్ళూ దీన్ని నొక్కితే కబురు కంప్యూటర్‌కి వెళ్ళేది. కంప్యూటర్‌కి బుద్ధి పుడితే ఆపేది. అది మొండికేస్తే లేదు."

"అంటే ఇది ఉత్సవ విగ్రహమన్నమాట" అంది వీరవేణి. "ఇంట్లో నా మాట కూడా అంతేలే. మీ నాన్నకి చెప్తాను, ఆయనకి బుద్ధి పుడితే వింటారు."

ఆ మాట నన్ను పొడిచింది. ఇన్నేళ్ళు భయపడింది వట్టి భయమేనా? నిజంగా కొంప మునిగి ఉంటే నేను ఊరికే ఎర్రగా నిలబడి ఉండేదాన్నా? లలిత నా తీగలు మార్చింది. ఈసారి నన్ను నొక్కితే ఎవరినీ అడగక్కర్లేదు. కత్తి తిప్పే మోటారుకి కరెంటు తిన్నగా తెగిపోతుంది. పాత నల్ల పెట్టెని వీధిలో వచ్చిన తుక్కు బండివాడికి ఇచ్చి ఉల్లిపాయలు తీసుకున్నారు. సముద్రాలు దాటి వచ్చిన బుర్ర ఉల్లిపాయలకి పోయింది.

పరీక్షకి పాత చెక్క పెట్టారు. "అమ్మా, మిక్సీ వెయ్యి" అంది లలిత. వీరవేణి భయపడుతూ వేసింది. మిషను ఉలకలేదు. నీళ్ళ మోటారు వేశారు, అయినా పలకలేదు. పక్కింటి ఒదిన కూడా సరదాకి తన మిక్సీ వేసింది. లక్ష్మీదేవి ముక్కు ముక్కు దగ్గరే ఉంది. "ఇంక రోలు అటకెక్కించండి!" అని వీరవేణి చప్పట్లు కొట్టింది.

టేకు పలక ఎక్కించే ముందు పూజ. మామూలే. మిషనుకి పసుపు, కుంకుమ, కత్తి కింద నిమ్మకాయ, కొబ్బరికాయ. నాకూ ఒక బొట్టు. అన్నిటికన్నా చివర వీరవేణి ఒత్తుగా కట్టిన చామంతి దండ తెచ్చి, కత్తి తిప్పే మోటారు మెడలో వేసింది. నిమ్మకాయ తీసేశారు. దండ తియ్యలేదు.

"అమ్మా, దండ తీసెయ్" అంది లలిత.

"పూజ దండ వాడిపోకుండా తియ్యకూడదే."

"పైకే కట్టిందిలే, కిందికి రాదు" అన్నాడు బ్రహ్మాజీ కూడా.

నేను మాత్రం దండ కొసనే చూస్తున్నాను. నన్నెవరు అడుగుతారు?

కత్తి తిరిగింది. అబ్బులు గారి తాతగారి టేకు మీద గజలక్ష్మి కిరీటం లేచింది, నుదురు లేచింది, కళ్ళు తెరుచుకున్నాయి. బ్రహ్మాజీ మొహంలో ఎంత వెలుగో! వంటింట్లో మిక్సీ హాయిగా రొద పెడుతోంది. కొబ్బరి పచ్చడి. నేను అనుకున్నాను, ఇంత బాగా జరుగుతోందంటే ఏదో అవుతుంది.

అయింది. మోటారు అదురుకి దండ ముడి వదిలి కొస జారింది. దారం కత్తికి చుట్టుకుంది. చామంతి రేకలు వసారా అంతా అక్షింతల్లా ఎగిరాయి. దారం బిగిసి కత్తిని గజలక్ష్మి చెంప మీదికి లాగింది. బ్రహ్మాజీకి పలక తప్ప ఇంకేం కనపడలేదు. "అయ్యో, నా పలక!" అంటూ దండ లాగడానికి తిరిగే కత్తి దగ్గరికి చెయ్యి చాపాడు. ఆ వణికే చెయ్యే.

"నాన్నా!" అని లలిత అరిచింది.

వంటింటి గుమ్మంలోంచి వీరవేణి పరుగున వచ్చింది. భర్త చెయ్యి పట్టుకోలేదు. దండ పట్టుకోలేదు. పచ్చడి అంటిన అరచేత్తో నా నెత్తి మీద ఒక్క చరుపు చరిచింది.

నేను దిగాను. నా జన్మలో మొదటిసారి. కరెంటు తెగింది, కత్తి ఆగింది. బ్రహ్మాజీ వేళ్ళు దండ పట్టుకునే సరికి దండ కదలడం లేదు. వంటింట్లో ఆవిడ మూత పెట్టకుండా వదిలేసి వచ్చిన మిక్సీ మాత్రం ఇంకా రొద పెడుతోంది. గోడంతా పచ్చడి.

"చెయ్యి చూపించండి" అంది వీరవేణి. ఒక్కొక్క వేలూ పట్టుకుని చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను.

దండ కత్తిరించి తీశారు. లలిత నన్ను తిప్పి పైకి లేపింది. మిషను మూలకి వెళ్ళి తన మొదటిచోటు తాకి, కొలుచుకుని వచ్చి ఆగిన దగ్గరే మళ్ళీ అందుకుంది. పాత బుర్ర అయితే ఈపాటికి అమ్మవారికి రెండు ముక్కులు చెక్కి ఉండేది. గజలక్ష్మి పూర్తయింది. చెంప మీద మాత్రం మెంతిగింజంత గుంట మిగిలింది. బ్రహ్మాజీ దాన్ని చూసి నిద్రాహారాలు మానేశాడు.

అబ్బులు గారు వచ్చారు. పలక ముందు చాలాసేపు నిలబడ్డారు. చెంప మీది గుంట దగ్గర వేలు ఆగింది.

"దిష్టిచుక్క కూడా పెట్టావా!" అన్నారు ఆయన. "కొత్తిల్లు కదా, ఎందరి కళ్ళు పడతాయో. నాకు తట్టనే లేదయ్యా!"

బ్రహ్మాజీ నోరు తెరిచాడు. నిజం చెప్పేవాడే. వీరవేణి ముందుకి వచ్చి, "ఆయ్, నేనే పెట్టించానండి" అంది.

అబద్ధమా అంటే, పూర్తిగా కాదు. ఆ దండ తెచ్చింది ఆవిడే కదా.

ఇప్పుడు ఆ ఇంట్లో పూజ దండ గోడమీది దేవుడి పటానికి వేస్తున్నారు. మిషను నడుస్తుంది, మిక్సీ నడుస్తుంది, ఒకదాని జోలికి ఒకటి పోదు. నా తల అంచు కింద ఆనాటి కొబ్బరి పచ్చడి కొంచెం ఎండిపోయి ఉంది. ఎవరూ తుడవలేదు. అది ఉండటం నాకిష్టమే. ఆవిడకీ నాకూ ఒకటే ఉద్యోగమని ఆ మరక చెబుతుంటుంది.

మళ్ళీ నన్ను ఎవరూ నొక్కలేదు. నొక్కకూడదనే కోరుకుంటున్నాను. అయినా మిక్సీ రొద వినపడ్డప్పుడల్లా నా ప్రాణం అటే పోతుంది. మూత సరిగ్గా పెట్టిందో లేదో.