నక్కతోకకు మార్కులు

"ఆ కుర్చీ కాలు ఊగుతోంది. చైర్మన్ గారు వచ్చి సరిగ్గా దానిమీదే కూర్చుంటారు. నడుం విరగ్గొట్టుకుంటారు. ఆ పాపం నీ నెత్తిన పడుతుంది, నీ ఉద్యోగం ఊడుతుంది," అన్నాను మా అమ్మాయితో.

అప్పటికింకా ఎవరూ రాలేదు. కుర్చీ కూడా నిక్షేపంగా నిలబడే ఉంది.

"నా ఉద్యోగం ఊడటానికి కుర్చీ ఎందుకమ్మా, నా నోరు చాలు," అంది అమ్మాయి, మంచం మీద పడుకునే, కట్టు కట్టిన కాలు దిండు మీదికి సర్దుకుంటూ.

మా ఆయన డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్నారు. "మీ అమ్మది వాతావరణ శాఖమ్మా. రోజూ తుఫానే చెబుతుంది," అన్నారు.

"రోజూ చెబితే ఒక్కరోజైనా నిజమవుతుంది," అన్నాను. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు. కుర్చీని మోసుకెళ్ళి వంటింట్లో పెట్టాను.

మా అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతుంది. వచ్చే ఏడు ఆ కాలేజీలో కొత్త డిగ్రీ మొదలుపెడుతున్నారు. పెట్టుబడులు, ఫైనాన్సు. మూడేళ్ళ చదువు. ఏ టర్ములో ఏ పాఠం ఉండాలి, ఏది ముందు, ఏది వెనక, పరీక్ష ఎలా పెట్టాలి, ఇదంతా అమ్మాయినే తయారుచెయ్యమన్నారు. నెలల తరబడి మా భోజనాల బల్ల మీద భోజనం లేదు, కాగితాలే. చివరికి ఆ కాగితాలు చంకలో పెట్టుకుని, ఫోను చూసుకుంటూ కాలేజీ మెట్లు దిగి కాలు విరగ్గొట్టుకుంది. ఫోను చూస్తూ మెట్లు దిగకే అని మొత్తుకున్నాను. నా మాట మెట్లకి వినబడింది గానీ దానికి వినబడలేదు. అందుకే ఆఖరి మీటింగు మా ముందుగదికే వచ్చింది.

నేను చదివింది హైస్కూలు దాకానే. అయినా రాసిందల్లా నాకు చదివి వినిపించేది. ఎవరికైనా గట్టిగా చదివితే తప్పులు బయటపడతాయట. "గోడకి చెప్పడం కన్నా నయం కదా," అంది. ఆ పోలిక నాకు నచ్చలేదు గానీ కూర్చుని విన్నాను. మొదటి ఏడాది లెక్కలు రాయడం, చట్టాలు, ఒక కంపెనీ తన గురించి తాను చెప్పుకునే గొప్పల్లో నిజమెంతో పట్టుకోవడం. రెండో ఏడాది ఎంత నష్టం రావచ్చో లెక్కకట్టడం. ఆ పేపరు పేరు వినగానే నాకు ఆప్యాయత పుట్టింది. మూడో ఏడాదిలోగానీ షేర్లు కొనడం, అమ్మడం లేదు. అదీ ఉత్తుత్తి డబ్బుతో. మార్కులు లాభానికి కాదు, కారణానికి. ఎందుకు కొంటున్నావు, ఏం జరిగితే నువ్వు పొరబడ్డట్టు? ముందే రాసిపెట్టాలి. కారణం గట్టిదైతే నష్టపోయినా మార్కులొస్తాయి. కారణం డొల్లయితే లాభమొచ్చినా పోతాయి.

"నష్టపోయినవాడికి మార్కులేమిటే?" అన్నాను.

"ఆకాశం చూసి, వార్తలు విని, వాన రాదని తేల్చుకుని గొడుగు లేకుండా వెళ్ళాడు. తడిసొచ్చాడు. వాడు తెలివితక్కువవాడా?"

"గొడుగు తీసుకెళ్ళాల్సింది."

"నీతో పెట్టుకోకూడదు," అని కాగితం తిప్పింది.

మీటింగుకి ముగ్గురు ఒకేసారి వచ్చారు. కాలేజీ చైర్మన్ గారు ముందు. ఆయన వెనక ఒక షేర్ల కంపెనీ మనిషి. ఆ కంపెనీ కాలేజీకి పెద్ద పెద్ద కంప్యూటరు తెరలతో ఒక హాలు ఊరికే కట్టించి ఇస్తుందట. ఆయన తలుపు తీసినందుకు నవ్వాడు, చెప్పులు విప్పుతూ నవ్వాడు, అమ్మాయి కట్టు చూసీ నవ్వాడు. నా లెక్కలో ఆయన పేరు నవ్వులాయన. ఆఖర్న మాస్టారు. డిపార్టుమెంటుకి ఆయనే హెడ్డు, ఒకప్పుడు మా అమ్మాయికి పాఠం చెప్పినవాడు. పిల్లలు ఆయనకి పెట్టుకున్న పేరు 'సైలెన్సు'. అందరు మాస్టార్లూ అరిచే మాట అది. ఆయన అరవకుండానే సంపాదించుకున్నాడు.

ఆ మాస్టారి పద్ధతి ఒకటుంది. పేపరు దిద్దేటప్పుడు ఎక్కడ మార్కు కొట్టేసినా పక్కనే పెన్సిలుతో కారణం రాసేవాడు. ఇక్కడ ఇలా పొరబడ్డావు, ఇలా ఆలోచించి ఉండాల్సింది అని. చదువుకునే రోజుల్లో ఒకసారి అమ్మాయి పోయిన మార్కు గురించి అడగడానికి ఆయన గదికి వెళ్ళి, ఆయన విడమరచి చెబుతుంటే ఆఖరి బస్సు పోగొట్టుకుంది. అది ఇల్లు చేరేలోపు నేను ఇద్దరు పక్కింటివాళ్ళని వెతకడానికి పంపాను. ఇంటికొచ్చి "మార్కు రాలేదు గానీ ఎందుకు పోయిందో తెలిసిందమ్మా" అని సంబరపడింది. రెండు తగిలించాలనిపించింది.

టీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చైర్మన్ గారు పెన్ను తీసి అమ్మాయి కట్టు మీద టకటకా కొట్టారు. "కాలు విరిగినా మొండితనం విరగలేదట కదా!" అని తనే నవ్వుకున్నారు. అది పిల్ల కాలా, కాలేజీ బల్లా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మాయి మాత్రం కాలు కొంచెం పక్కకి జరుపుకుంది, అంతే.

"మూడో ఏడు దాకా కొనుగోలు లేకపోతే ఎవరు చేరతారమ్మా?" అన్నారు చైర్మన్ గారు. "మొదటి టర్ములోనే మొదలవ్వాలి. నిజం డబ్బుతో. పిల్లలందరికీ ఈయన కంపెనీలో ఖాతా. టర్ము ఆఖర్న లాభాన్ని బట్టి మార్కులు. ప్రకటనలో పెద్దక్షరాలతో వేద్దాం."

"ఆ డబ్బు ఎవరిది సార్?"

"తల్లిదండ్రులది. పుస్తకాలు కొనరా? ఇదీ అంతే."

"పుస్తకం సాయంత్రానికి సగమైపోదు సార్."

నవ్వులాయన అందుకున్నాడు. "మేడం, ఈత నేర్పాలంటే నీళ్ళలో దించాలి కదండీ."

"దించుతాం. లోతు చెప్పి దించుతాం. కొట్టుకుపోయినవాడికి సున్నా, అల ఒడ్డున పడేసినవాడికి నూటికి నూరు వేస్తే, మీరు పరీక్ష పెట్టింది అలకండీ, పిల్లలకి కాదు."

దీని నోరు పడ! "మెల్లిగా మాట్లాడవే," అన్నాను గుమ్మంలోంచి. పిల్లి మెడలో గంట కట్టడానికి ఊళ్ళో ఇదొక్కతే దొరికిందా? సరేనని ఒక్క మాటంటే మీటింగు అయిపోతుంది, టీ కప్పులు కడుక్కుంటాను, రాత్రికి అందరం అన్నం తింటాం. ఆ క్షణంలో నా కోపమంతా దాని మీదే.

"క్లాసులో అరవైమంది ఉంటారు," అంటోంది అమ్మాయి. "అందరూ కళ్ళు మూసుకుని కొన్నా ఎవడో ఒకడికి విపరీతంగా కలిసొస్తుంది. వాడు నక్కతోక తొక్కాడు, అంతే. మనం ఆ తోకకి ఫస్ట్ ర్యాంకిస్తాం. వాడు తనకి విద్య వచ్చేసిందనుకుంటాడు. ఇంట్లోవాళ్ళూ అలాగే అనుకుంటారు. రేపు ఇల్లు తాకట్టు పెట్టి మరీ వాడి చేతికిస్తారు. పోగొట్టుకున్నవాళ్ళ సంగతి అటుంచండి, నాకు ఆ గెలిచినవాడిని తలుచుకుంటేనే భయం."

నేను తెల్లబోయాను. ఇంతవరకు పోగొట్టుకునే పిల్లల గురించే హడలిపోతున్నాను. గెలిచినవాడి గురించి కూడా భయపడొచ్చని నాకు తోచనే లేదు. భయపడటంలో నన్ను మించిన మనిషి మా ఇంట్లోనే ఉందని ఆ రోజే తెలిసింది.

చైర్మన్ గారు కప్పు కింద పెట్టారు. గొంతు తీయగా మారింది. "మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకే కదూ అయిపోయేది?"

"అవును సార్."

"కాలు బాగవడానికి ఇంకా టైము పడుతుంది. ఇంట్లోనే విశ్రాంతి తీసుకోవాలనుకుంటే మాకేం అభ్యంతరం లేదు. కోర్సు ఇంకొకరి పేరు మీద వెళుతుంది." నా వైపు తిరిగారు. "తల్లిగా మీరైనా చెప్పండమ్మా."

నేను నోరు తెరిచాను. దాచడమెందుకు, "సరే అనవే తల్లీ" అనబోయాను. మాట నాలిక చివర ఉంది. సరిగ్గా అప్పుడే నవ్వులాయన నన్ను ఊరడించబోయాడు.

"పిల్లలు ఫెయిలవుతారని బెంగ వద్దండీ. ఖాతాలో ఇంకాస్త వేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఎన్నిసార్లయినా!" అని హాయిగా నవ్వాడు.

"వేసిన ప్రతిసారీ మీ కంపెనీకి కమిషను?" అంది అమ్మాయి.

"అది ఎక్కడైనా ఉండేదే కదండీ."

నాలిక చివర ఉన్న మాట లోపలికి పోయింది. ఫెయిలైన పిల్ల ఇంటికొస్తుంది. తల్లి గుమ్మంలో నిలబడి ఉంటుంది, నాలాగే. ఆ పిల్ల ఏం చెబుతుంది? చదవలేదమ్మా అనాలా? చదివింది. రాయలేదమ్మా అనాలా? రాసింది. ఇంకాస్త డబ్బివ్వమ్మా, పాసవుతాను అనాలి. ఆ తల్లి ఇస్తుంది. మెడలో ఉన్నది తీసైనా ఇస్తుంది. వీళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. ఆవిడ కళ్ళు మూసుకుని ఇస్తుందని తెలిసే ఇక్కడ కూర్చుని నా బిస్కెట్లు తింటున్నారు.

వంటింట్లోకి వెళ్ళాను. ఆ ఊగే కుర్చీయే చేతికి దొరికింది. ఈడ్చుకొచ్చి ముందుగది మధ్యలో వేసుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చిన మగవాళ్ళ ముందు నేను కూర్చోవడం మా అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. కుర్చీ కిర్రుమంది. పాదాలు నేలకి గట్టిగా తన్నిపెట్టాను.

"అమ్మా, అది..." అంది అమ్మాయి.

"పడితే నేనే పడతాను. నువ్వూరుకో."

చైర్మన్ గారు వాచీ చూసుకున్నారు. "సరే, ఇక తేల్చేద్దాం. మేడం ఒప్పుకోకపోయినా ఇబ్బంది లేదు. కోర్సుకి యూనివర్సిటీ అనుమతి వచ్చింది హెడ్డు గారి పేరు చూసి. మార్కుల మీద సంతకం కూడా ఆయనదే. ఆయనకి అభ్యంతరం లేదు. ఏం సార్?"

మాస్టారు వచ్చినప్పటినుంచి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. టీ తాగలేదు. కప్పు మీద మీగడ కట్టింది. తన దగ్గర చదువుకున్న పిల్లని నిలబెట్టి, సారీ, పడుకోబెట్టి కడిగేస్తుంటే కిటికీ ఊచలు చూస్తున్నాడు. ఇద్దరు దుర్మార్గుల మీద రాని కోపం నాకీ పెద్దమనిషి మీద వచ్చింది. వాళ్ళకి పాఠం చెప్పడం తెలియదు, పోనీ. ఈయనకి అంతా తెలుసు. తెలిసి గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు.

"మాస్టారూ," అన్నాను. "నాకు చదువు రాదు. షేర్లు తెలియవు. ఒక్కటి అడుగుతాను. ఈ పేపరు దిద్దేది మీరేనట. మా అమ్మాయి పేపర్లు మీరు దిద్దితే చూశాను. మార్కు పోయిన ప్రతిచోటా ఎందుకు పోయిందో రాసేవారు. రేపు ఒక పిల్లకి సున్నా వస్తుంది. ఆ పిల్ల మీ గదికొచ్చి నిలబడి, నేను చేసిన తప్పేమిటి సార్ అని అడుగుతుంది. పక్కన పెన్సిలుతో ఏం రాస్తారు?"

"అదంతా కంప్యూటరు చూసుకుంటుందమ్మా," అన్నాడు నవ్వులాయన.

"మిమ్మల్ని అడగలేదు నాయనా. మీరు నవ్వుకోండి."

అమ్మాయి ముఖం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చైర్మన్ గారు ఏదో అనబోయి, మాస్టారి వైపు చూసి ఆగిపోయారు.

మాస్టారు కిటికీ వైపు నుంచి తల తిప్పారు. నన్ను చూడలేదు. బల్ల మీద అమ్మాయి రాసిన కాగితాలు చూస్తున్నారు. పైకాగితం అంచు మడతపడి ఉంటే దాన్ని వేలితో నెమ్మదిగా సాపు చేశారు. మళ్ళీ చేశారు. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యబోతున్నారు, అది గుర్రుగుర్రుమని ఆగిపోతోంది. ఈసారి స్టార్టవుతుందనుకున్నాను, అవలేదు. నవ్వులాయన ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదిలితే కుర్చీ కూలుతుంది. ఈయన నోరు విప్పడు, నా కూతురి బతుకు ఇక్కడే తెల్లారిపోతుంది, చివరికి నేను కింద కూడా పడతాను. మూడూ ఒకేసారి జరుగుతాయని నాకు రూఢి అయిపోయింది. బయట బండి స్టార్టయి వెళ్ళిపోయింది. అప్పటికీ ఆయన కాగితం అంచు దువ్వుతూనే ఉన్నారు.

చైర్మన్ గారు ఇక లాభం లేదని లేవబోయారు. "మౌనం అంగీకారమే అనుకుంటాం సార్..."

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీశారు. దాన్ని, చేతికి అప్పగిస్తున్నట్టుగా, చైర్మన్ గారి కప్పు పక్కన పెట్టారు.

"రాయడానికి ఏమీ ఉండదమ్మా," అన్నారు నాతో. "ఆ పిల్ల తప్పేమీ చెయ్యలేదు. అందుకే ఆ పేపరు నేను దిద్దను. కోర్సులోంచి నా పేరు తీసేయమనండి."