సరుకులకు మాత్రమే

మొదటి రోజు నేను కళ్ళారా చూసింది చెబుతాను.

పంపుల ఫ్యాక్టరీలో రెండో అంతస్తుకి యాభై రెండు మెట్లు. మేం వడ్రంగి కూతురని పిలిచే మా క్లాసు అమ్మాయి కింది మెట్టు దగ్గర చక్రాల కుర్చీ ఆపి, అందులోంచి మెట్టు మీదికి జారింది. పైమెట్టుకి వీపు పెట్టి, రెండు చేతులూ వెనక్కి ఆనించి, ఒళ్ళు లేపి ఒక మెట్టు ఎక్కింది. మళ్ళీ చేతులు ఆనించింది. అలా యాభై రెండూ ఎక్కింది. ఆమె పక్కనే, ఇనుప ఊచల తలుపు వెనకాల, లిఫ్ట్ పైకి పోతూ ఉంది. దాని నిండా మోటార్లు, హాయిగా నిలబడి పోతున్నాయి. తలుపు మీద బోర్డు: ‘సరుకులకు మాత్రమే. మనుషులు ఎక్కరాదు.’

మేం ఇరవై ముగ్గురం, ఒకే యూనివర్సిటీ, ఒకే క్లాసు. ఆరు నెలలు ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, మేనేజరు చేత సంతకం పెట్టించుకుంటేనే మాకు డిగ్రీ. ఆమెను దాటుకుంటూ మెట్లెక్కాం. “పాపం” అన్నాడొకడు. “ఏం పట్టుదలరా!” అన్నాడింకొకడు. నోరు మూసుకోవడాన్ని మర్యాద అనుకునే రకం నేను అప్పట్లో.

పైన ఆమె పని మోటార్లు పరీక్షించడం. కూర్చుని చేసే పనే. తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి పెట్టి, “దీని బేరింగు పోయింది, విప్పండి” అనేది. విప్పితే పోయే ఉండేది. పక్కబల్ల దగ్గర మా క్లాసువాడే, చెవులు వినపడని కుర్రాడు. తలుపులు దడేల్న వేస్తాడని వాణ్ణి పిడుగు అనేవాళ్ళం. ఆ హాల్లో మోతకి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కార్మికులు ఏళ్ళ తరబడి చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. వారం తిరిగేసరికి పిడుగు వాళ్ళ సైగలన్నీ పట్టేశాడు, తనవి కొన్ని వాళ్ళకి నేర్పాడు.

మూడో వారం ఫ్యాక్టరీ చూడ్డానికి పెద్దవాళ్ళెవరో వచ్చారు. ఆమె మెట్లెక్కుతుండగా చూశారు. మర్నాడే మేనేజరు ఆమెనీ పిడుగునీ కింద ప్యాకింగు షెడ్డులో పడేశాడు, అట్టపెట్టెలకి చీటీలు అంటించమని.

“ఎందుకండీ?” అని ఆమె అడిగింది.

“నువ్వలా పాక్కుంటూ ఎక్కుతుంటే చూసేవాళ్ళకి బాగుండదమ్మా. ఆ అబ్బాయికేమో సైరన్ వినపడదు.”

“సైరన్ పక్కన ఎర్రలైటు పెడితే సరిపోతుంది. నాకు లిఫ్ట్ ఉంది.”

“అది సరుకులకి. మనిషి ఎక్కితే ప్రమాదం.”

“మీ కొత్త బల్ల పైకి తెచ్చినప్పుడు నలుగురు ఎక్కారట కదండీ?”

“బల్ల బరువు కదా మరి!” అన్నాడు మేనేజరు. సిగ్గుపడలేదు సరికదా, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు చూశాడు.

లిఫ్ట్ నడిపే ముసలాయన అక్కడే ఉన్నాడు. అందరూ లిఫ్ట్ తాత అంటారు. మేనేజరు వెళ్ళాక మెల్లగా అన్నాడు: “ఇరవై ఏళ్ళుగా పొద్దస్తమానం ఈ డబ్బాలోనే నిలబడుతున్నా. అంటే నేను మనిషిని కాదన్నమాట.”

మా యూనివర్సిటీలో ఇలాంటి విద్యార్థుల కోసమే ‘చేయూత కేంద్రం’ అని ఒకటుంది. మూడో అంతస్తులో. దాని అధికారికి మేం పెట్టిన పేరు సంతకాల సారు. సాయం అడగడానికి వెళ్ళిన ఆమె కోసం కిందికి దిగొచ్చాడాయన. ఆ దిగిరావడమే త్యాగం అన్నట్టు ఆయాసపడుతూ ఒక కాగితం ముందు పెట్టాడు: ‘ఆరోగ్య కారణాల వల్ల ఫ్యాక్టరీ పని వద్దని నేనే కోరుతున్నాను. బదులుగా ఇంటి దగ్గర వ్యాసం రాస్తాను.’

“ఒక్క సంతకం పెట్టమ్మా. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.”

“ఇంట్లో కూర్చోవడానికి డిగ్రీ దేనికండీ?”

“నీ మంచికే చెబుతున్నా. నిన్ను చేర్చుకోవడమే ఆ మేనేజరు గొప్పతనం. వచ్చే వారం మన వీసీ గారు స్వయంగా వచ్చి ఆయనకి షీల్డు ఇస్తున్నారు తెలుసా?”

“ఏం ఘనకార్యానికి?”

“సమాన అవకాశాలు కల్పించినందుకు.”

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులోనే పెట్టింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చున్నాం. మా పిరికితనమంతా బల్ల మీదికి వచ్చింది.

“మేనేజరుతో పెట్టుకుంటే మా సంతకాలూ పోతాయి” అన్నాడు క్లాసు ఫస్టు.

“ముందు మన డిగ్రీలు రానీ, తర్వాత ఆమె కోసం అర్జీ పెడదాం” అంది ఇంకొకామె.

“అర్జీలో ‘పాపం’ అని రాస్తారా?” అంది వడ్రంగి కూతురు. “మీ జాలి నాకేం చేసుకోవడానికి? నేను అడుగుతున్నది పని. మీరు అడిగేదీ అదేగా? మరి మీది హక్కు, నాది కోరికెలా అయింది?”

పక్కబల్ల నుంచి, తీగలు చుట్టే సెక్షన్‌లో అందరూ అక్క అని పిలిచే ఆమె లేచి వచ్చింది. ఎప్పుడూ చేతి తొడుగు తియ్యని మనిషి. మా ముందు తీసింది. రెండు వేళ్ళు లేవు.

“ప్రెస్సు మిషన్లో పోయాయి, మూడేళ్ళ కింద. తెలిస్తే పనికిరానని పంపేస్తారు. తొడుగులో గుడ్డపీలికలు కుక్కి నెట్టుకొస్తున్నా. నాలాంటివాళ్ళం తొమ్మిదిమందిమి ఉన్నాం ఇక్కడ. ఒకడికి చెవులు పోయాయి, ఒకామెకి నడుం పోయింది. ఈ ఫ్యాక్టరీ పంపులే కాదమ్మా, మమ్మల్ని కూడా తయారు చేసింది. నిన్ను గెంటినవాడు రేపు నన్ను గెంటకుండా ఉంటాడా?”

క్లాసు ఫస్టు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. అయితే ఆ రోజు అక్కడి నుంచి లేచిపోలేదు.

తర్వాతి ఆరు రోజులూ, షీల్డు రోజున ఏం చెయ్యాలో కబురు నడిచింది. సూపర్‌వైజర్ల కళ్ళ ముందే. ప్యాకింగు షెడ్డులో పిడుగు చెయ్యి కదిలించేవాడు, లిఫ్ట్ తాత ఆ మాటను పైకి మోసుకెళ్ళేవాడు, హాలు ఈ కొస నుంచి ఆ కొసకి చేతుల మీదుగా పోయేది. కార్మికుల చేతుల్ని ఏనాడూ పరికించి చూడని దొరలకి అందులో మాటలున్నాయని ఎలా తెలుస్తుంది?

షీల్డు రోజు వచ్చింది. వీసీ, మేనేజరు, వెనకాల పూలదండ మోస్తూ సంతకాల సారు, ఫొటోగ్రాఫర్లు. వేదిక రెండో అంతస్తులో. సరిగ్గా పదింటికి మిషన్లన్నీ ఆగిపోయాయి. వాళ్ళు మెట్ల దగ్గరికి వచ్చేసరికి యాభై రెండు మెట్ల మీదా మనుషులు. కార్మికులూ విద్యార్థులూ కలిసి కూర్చున్నారు. అన్నిటికన్నా కింది మెట్టు మీద వడ్రంగి కూతురు.

“దారివ్వండి” అన్నాడు వీసీ.

“రండి సార్, మా మధ్యలోంచి కూర్చుని ఎక్కండి” అంది అక్క. “ఈ పిల్ల రోజూ అలాగే ఎక్కింది.”

వీసీ లిఫ్ట్ వైపు తిరిగాడు. తాత తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“సరుకులకు మాత్రమే సార్. తమరు సరుకేనా?”

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. మేనేజరు తాతని పక్కకి నెట్టి, వీసీని లోపలికి తోసి, తలుపు మూసి, మీట నొక్కాడు. లిఫ్ట్ కదలలేదు. తాళంచెవి తాత జేబులో ఉంది. రెండు మోటార్ల మధ్య వీసీ గారు చెమటలు కక్కుతూ నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్లు అలవాటు కొద్దీ ఫొటోలు తీశారు.

వడ్రంగి కూతురు ఊచల దగ్గరికి జరిగి, ఆయనకి వినపడేలా చెప్పింది: “లిఫ్ట్‌ని మనుషులు ఎక్కేలా బాగుచేయించాలి. మా ఇద్దరి పని మాకు తిరిగివ్వాలి. ఇక్కడ దెబ్బతిన్న ఏ ఒక్కర్నీ తీసెయ్యకూడదు, చెయ్యగలిగే పని ఇవ్వాలి.”

“కమిటీ వేద్దాం” అన్నాడు వీసీ.

“ఏ అంతస్తులో?” అంది ఆమె.

పోలీసులు వచ్చారు. ఆమెనీ, పిడుగునీ, తాతనీ, అక్కనీ పట్టుకున్నారు. సంతకాల సారు అప్పుడు కూడా ఒక కాగితం పట్టుకుని, “క్షమాపణ అని సంతకం పెట్టెయ్యండి, వదిలేస్తారు” అని వ్యాను చుట్టూ తిరిగాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమెను ఎత్తబోయారు.

“చెయ్యి వెయ్యకండి. కుర్చీతో సహా ఎక్కించండి.”

వ్యానులో కుర్చీ పట్టలేదు. అరగంట తంటాలు పడి, చివరికి మోటార్లు మోసే లారీ తెప్పించి, చెక్కపలక వేసి ఎక్కించారు. మనిషిని జైలుకి తీసుకుపోవడం కూడా చేతకాని ప్రభుత్వం! నన్నెవరూ పిలవలేదు. నేనూ ఆ పలక మీదుగానే ఎక్కాను.

రెండు రోజుల తర్వాత వదిలారు. ఈలోగా యూనివర్సిటీ ఇరవై ముగ్గురి శిక్షణనీ రద్దు చేసింది. ముగ్గురు క్షమాపణ రాసిచ్చారు. క్లాసు ఫస్టు రాయలేదు. మేం వచ్చేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు మూడు షిఫ్టులవాళ్ళూ కూర్చుని ఉన్నారు. లోపల ఒక్క మిషనూ తిరగడం లేదు.

ఆ గుంపులోంచి మాకు తెలియని ఒకామె కుంటుకుంటూ వచ్చింది. రోడ్డవతల నేతమిల్లులో పనిచేస్తుందట. వడ్రంగి కూతురి ముందు నిలబడి, గొంతు తగ్గించి, “అమ్మాయ్, మా మిల్లుకి మీరెప్పుడొస్తారు?” అని అడిగింది.

“మీలా దెబ్బతిన్నవాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారక్కా?”

“నాకు తెలిసి పదకొండు మంది. బయటికి చెప్పనివాళ్ళు ఇంకెందరో.”

“అయితే ముందు మీరు పదకొండుమందీ ఒకచోట కూర్చోండి” అంది వడ్రంగి కూతురు. “ఎక్కడ కూర్చుంటున్నారో కబురు చెయ్యండి. వస్తాం.”

“సాయంత్రం షిఫ్టు దిగగానే, మా గేటు ముందే” అంది ఆమె. ఈసారి గొంతు తగ్గించలేదు.