పన్నెండు ఖాళీ గళ్ళు

మా చర్చి సంఘంలో ఎవరైనా పోతే శవపెట్టె ముందు నిలబడి వాళ్ళ జీవిత చరిత్ర చదువుతారు. అది రెండు పేజీలకు మించకూడదు. సంఘ పెద్దలు చూసి సరేనన్నాకే హో పట్టణంలోని ప్రెస్సుకు వెళుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ చరిత్రలు రాసిపెట్టేది నేనే. బడిపంతుల్ని కనక ఆ పని నా మీద పడింది. ఈసారి రాయవలసింది నా భార్య గురించి.

డాక్టర్ అక్పెనే క్పొడో. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, చదివిన బళ్ళు అరగంటలో అయిపోయాయి. ఆమె మొదట దైవశాస్త్రం చదివింది, ఆ తర్వాత మనస్తత్వశాస్త్రం. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో ఉండేది, రెండు రోజులు పాస్టర్లు కాబోయేవాళ్ళు చదివే సెమినరీలో పాఠం చెప్పేది. ఆసుపత్రివాళ్ళు ఆమెను పాస్టరమ్మ అని వెక్కిరించేవారు. సెమినరీవాళ్ళకు ఆమె పిచ్చి డాక్టరు. చావును దగ్గరగా చూసిన మనిషి దగ్గరకు జవాబు పట్టుకుని పరిగెత్తవద్దని రెండు చోట్లా చెప్పేది.

సెమినరీలో ఆఖరి సంవత్సరం ఆమె ఒక పరీక్ష పెట్టేది. చావు జరిగిన ఇంట్లో గంటసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. చెప్పాలనిపించినా చెప్పకుండా ఊరుకున్న మాటలన్నీ తర్వాత రాసి ఇవ్వాలి. ఇదేం పరీక్ష అని విద్యార్థులు నవ్వుకునేవారు. చాలామంది తప్పేవారు. ఇప్పుడు మా పాస్టరుగా ఉన్న సెలోమ్ కూడా తప్పాడు. నలభయ్యో నిమిషంలో ప్రార్థన అందుకున్నాడు.

బుధవారం ఉదయం సంఘ కార్యదర్శి గాట్‌లీబ్ అన్న వచ్చాడు. అతని చేతిలో అక్పెనే ప్రభుభోజనం కార్డు ఉంది. ప్రభుభోజనం, అంటే గుడిలో పంచే రొట్టె, ద్రాక్షరసం, ఏడాదికి నాలుగుసార్లు. తీసుకున్నప్పుడల్లా ఒక గడిలో ముద్ర వేస్తారు.

“మాస్టారూ, వరసగా పన్నెండు గళ్ళు ఖాళీ.”

“అవును.”

“అవునంటే సరిపోతుందా? పెద్దలకు చెప్పడానికి నాకో మాట కావాలి. ఆ మూడేళ్ళూ పైచదువులకు విదేశాల్లో ఉందని రాసెయ్యి. ఒక్క వాక్యం! నీకేం కొత్తా? మా బావ కోకు బతికినన్నాళ్ళూ తాగాడు. ‘అందరితో కలుపుగోలుగా ఉండేవారు’ అని రాసిందెవరు?”

“నేనే.”

“మరి? మా అక్క ఆ కాగితానికి ఫ్రేము కట్టించుకుంది.”

“రాయకపోతే?”

అతను టోపీ తీసి చేతిలో తిప్పాడు. “కట్టుబాటు నీకు తెలియనిదా. కారణం లేకుండా ప్రభుభోజనం మానేసినవాళ్ళ పెట్టెను గుడి లోపలికి రానివ్వరు. గంట కొట్టరు. ఆవరణలోనే కానిచ్చేస్తారు. అక్పెనేకి ఆ గతి పట్టడం నేను చూడలేనయ్యా.”

ఆ మాట అతను మనసారా అన్నాడు.

ఆ గళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అతనికీ తెలుసు. మార్కెట్లో ఎండుచేపలు అమ్మే అఫీ అక్కకు ఎమిల్ అని ఒక్కడే కొడుకు. నా దగ్గర చదువుకున్నాడు. ఇరవై రెండో ఏట తన ప్రాణం తానే తీసుకున్నాడు. వాడి చరిత్రలో ‘కొద్దికాలం అస్వస్థత’ అని రాసింది నేను. అలా రాయబట్టే వాడికి గంట మోగింది. తల్లి మాత్రం కొడుకు ఎందుకు పోయాడో, ఇప్పుడెక్కడ ఉన్నాడో అడగడానికి సోదె చెప్పేవాడి దగ్గరకు వెళ్ళింది. అది బయటపడి సంఘం ఆమెను మూడేళ్ళపాటు ప్రభుభోజనానికి దూరం పెట్టింది. అలాంటివాళ్ళు ఆఖరి బెంచీలో కూర్చోవాలి. ప్రభుభోజనం పళ్ళెం అక్కడిదాకా రాదు. మరుసటి ఆదివారం అక్పెనే మా బెంచీలోంచి లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం అఫీ అక్క అక్‌ప్లే అనే మొక్కజొన్న పిండి ముద్దలు, బెండకాయ పులుసు తెచ్చింది.

“తిను తమ్ముడూ. పక్కటెముకలు బయటికొచ్చాయి. ఆ పిల్ల అక్పెనే ఉంటే నీకు చీవాట్లు పడేవి.”

తిన్నాను.

“గాట్‌లీబ్ ఏదో రాయమన్నాడటగా. మార్కెట్టంతా అదే మాట. విదేశాల నుంచి ప్రతి ఆదివారం వచ్చి నా పక్కన కూర్చునేదా ఆ పిల్ల? విమానం ఎక్కడ దిగేదో, గాట్‌లీబ్ మొక్కజొన్న చేలోనా?”

నాకు నవ్వు వచ్చింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

ఆమె నవ్వలేదు. “నా కొడుకు ఎక్కడున్నాడని అప్పటి పాస్టర్ని అడిగితే ఒకటి చెప్పాడు. సోదెవాడు ఇంకోటి చెప్పాడు. ఆ పిల్లనడిగితే ‘నాకు తెలీదక్కా’ అంది. తెలీదని లేచిపోలేదు. మూడేళ్ళు కూర్చుంది. నువ్వేమో నా కొడుకుని జబ్బుతో చంపావు. నా మేలు కోరే చేశావు, కాదనను. ఆ రోజు నుంచి వాడి సంగతి ఉన్నదున్నట్టు నాతో మాట్లాడింది ఆ పిల్ల ఒక్కత్తే. ఇప్పుడు ఆ పిల్లని కూడా నా పక్కనుంచి లేపేస్తావా?”

గిన్నె కడిగి ఆమె చేతికిచ్చాను. నీ పేరు రాయనా అని అడిగాను. రాయమంది.

‘ఆమె మూడేళ్ళపాటు ప్రభుభోజనం తీసుకోలేదు. ఆ మూడేళ్ళూ ఆరాధనలో ఆఖరి బెంచీలో అఫీ డోట్సే పక్కన కూర్చుంది.’ ఇంతే రాశాను. కారణం ఆమె నాకు చెప్పలేదు. నేను ఊహించి రాయలేదు.

గురువారం కాగితం తిరిగొచ్చింది. ఆ రెండు వాక్యాల కింద పెన్సిలు గీత, పక్కన ‘ఆవరణలో. గంట లేదు’ అని. దాన్ని అలాగే ప్రెస్సుకు పంపాను.

శనివారం ఆవరణలో షామియానా వేశారు. పెట్టె నిలిపే బల్లలు గుడిలోంచి ఇవ్వలేదు. గాట్‌లీబ్ అన్న ఇంకొకరి సాయంతో ఆఖరి బెంచీ మోసుకొచ్చాడు. తలుపుకు దగ్గరగా ఉండేది అదే. పెట్టెను దాని మీదే నిలిపారు. చరిత్ర చదవడం కార్యదర్శి పని. ఆ రెండు వాక్యాల దగ్గర అతని గొంతు తగ్గింది కానీ ఒక్క మాట కూడా దాటెయ్యలేదు.

తర్వాత సెలోమ్ పాస్టరు లేచాడు. అక్పెనేలా ఎవరూ వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చోవద్దని సంఘానికి హెచ్చరిక చెప్పమని పెద్దలు అతనికి ముందే చెప్పారు. అతను బైబిలు తెరవలేదు. పెట్టె పక్కన నిలబడ్డాడు. జనం ఎదురుచూశారు. ఎవరో దగ్గారు.

“పాస్టరుగారూ, కానివ్వండి,” అన్నాడు ఒక పెద్ద.

అతను తల అడ్డంగా ఊపి, వెళ్ళి అఫీ అక్క పక్కన నేలమీద కూర్చున్నాడు. ఇంక ఎవరూ మాట్లాడలేదు. షామియానా నీడ జరిగి, ఎండ బెంచీ కాళ్ళ దాకా వచ్చింది. అప్పుడు పెట్టె ఎత్తారు. గంట మోగలేదు.